ఏటి నీళ్ళు

పాతవంతెన దిగువన
శ్రీకాకుళం కడిగి పారబోసిందంతా
చివరికి నా దగ్గరికొస్తుంది.

రాత్రి డ్యూటీ నాది.
జల్లెడ ఊచల దగ్గర టార్చి పట్టుకుని నిలబడితే
ఎవరిళ్ళలో ఏం జరిగిందో నీళ్ళే చెబుతాయి.
శ్రావణమాసానికి క్యాలెండరు చూడక్కర్లేదు,
తొట్టిలో నురగ పసుపు తిరుగుతుంది.
ఆదివారం పొద్దెక్కాక తలంట్లు,
మధ్యాహ్నం దాటితే చేపలపులుసు జిడ్డు.
పరీక్షలయిన సాయంత్రం
సిరా కరిగిన చీటీ ముక్కలు.
ఒకసారి ఒక కాలిపట్టీ.
కడిగి మేకుకి తగిలించాను.
మూడేళ్ళయింది, ఎవరూ రాలేదు.
మురుగులో పోయినదాన్ని
మురుగుదాకా వెతుక్కుంటూ ఎవరొస్తారు?

నా కింద పనిచేసేవాళ్ళు కోట్లమంది.
కంటికి ఆనరు. హాజరుపట్టీ లేదు.
గాలి అందితే చాలు,
తింటారు, పిల్లల్ని కంటారు, మళ్ళీ తింటారు.
ఊరు అసహ్యించుకున్నదంతా వాళ్ళకి అన్నం.
వాళ్ళకి ఊపిరూదే బ్లోయరు
పగలు ఎండతో, రాత్రి దాచిన ఎండతో తిరుగుతుంది.
ఎండ పట్టే పలకల్ని తుడిచేది దాలినాయుడు.
తుపానుకి రెండు పలకలు ఎగిరి అరటితోటలో పడితే
చంటిబిడ్డని తెచ్చినట్టు
గుండెకానించుకుని తెచ్చాడు.

ఆ తుపానుకే
మూడు రాత్రులు బ్లోయరు ఆగింది.
నాలుగోనాటికి తొట్టి నల్లబడింది.
బుడగ లేదు, చప్పుడు లేదు.
ఊళ్ళో కూలిన స్తంభాలు లెక్కపెట్టారు,
రాలిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టారు.
నా కోట్లమందిని ఎవరు లెక్కపెడతారు?
కరెంటొచ్చాక ఆవుపేడ కలిపిపోసి,
బాలింతకి పెట్టినట్టు
పూటపూటా బెల్లంనీళ్ళు పెట్టాం.
పదకొండోరోజు తెల్లారగట్ల
తొట్టి మట్టివాసన వేసింది,
తొలకరి పడ్డ దుక్కిలాగ.
నేనూ దాలినాయుడూ
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టీ తాగాం.

తొట్టి దాటాక నీళ్ళు
మెట్టతామర పడకల్లోకి, జమ్ముదుబ్బుల్లోకి
తొందర లేకుండా నడుస్తాయి.
కడపటి గుంటలో ఆకాశం కనబడుతుంది.
ఆ గుంట పక్కనే ఆసిరయ్య చేను,
బీటలు వారి.

"మురుగెట్టి పండిస్తే భూమి ఊరుకుంటాదేటమ్మా?"
సీసాలో పట్టి చూపించాను. తల తిప్పుకున్నాడు.
పరీక్ష కాగితం చూపించాను.
"కాయితానికి దాహమేస్తాదేటి?"
గుంటలో వదిలిన మట్టగిడసని చూపించాను.
పకపకా నవ్వాడు.
"అది బురదలో పుట్టి బురదలో సచ్చీది.
దాన్నడిగితే ఏటి సెప్తాది?"

మర్నాడు తనే వచ్చాడు,
నాగావళిలో పట్టిన పరిగెలు
సత్తుగిన్నెలో ఏడు తెచ్చి.
"ఇవి పెద్దింటి బిడ్డలు. ఇవి సెప్పాల."
గుంటలో వదిలి
గట్టుమీద గొంతుక్కూర్చున్నాడు.
చుట్ట తరవాత చుట్ట.
రాత్రంతా నేను జల్లెడ దగ్గర, తను గుంట దగ్గర.
తెల్లారి చూస్తే ఆరు తిరుగుతున్నాయి.
ఆ ఒక్కటీ నీ చుట్టపొగకే పోయిందన్నాను.
నవ్వలేదు. చాలాసేపు చూశాడు.
"తాగను. అమ్మోరి ముర్రాటకి ముట్టనివ్వను.
గోగుకైతే ఎడతాను."

అంతే ఒప్పుకున్నాడు.
నాకు అంతే కావాలి.

మొన్న సాయంత్రం
గోగు మోకాలెత్తు లేచింది.
మడవ తిప్పుతూ ఉన్నాడు.
గట్టుమీద సైకిలాపి ఒక గుంటడు కేకేశాడు:
"ఏటి నీళ్ళు తాతా అవి?"
పార ఆపకుండానే అన్నాడు:
"ఏటి నీళ్ళే."

మా యాసలో ప్రశ్నకీ నదికీ ఒకటే మాట.
అడిగినదే తిరిగి అన్నాడో,
జవాబే చెప్పాడో
ఇటు నిలబడ్డ నాకు తెలీలేదు.
ఈలోగా జల్లెడకి ఏదో తట్టుకుంది.
టార్చి తీసుకుని వెళ్ళాను.