ఉమ్మడి గోడ

స్వాన్సీలో వాన రాత్రి.
కాలేజీ నేలమాళిగలో నలభై యంత్రాలు లేచాయి.
డిస్కు మాత్రం ఒక్కటే.
గ్వెనిత్ రిటైరయ్యే ముందు కట్టి, తాళం వేసి పోయింది:
చదువుకోవచ్చు, రాయడానికి లేదు.

ఆ సంగతి యంత్రాలకు తెలీదు.
ప్రతిదీ ఇల్లంతా తనదే అనుకుంటుంది.
గోడకు మేకు కొట్టబోతే
సరిగ్గా ఆ ఇటుకకే
ఓ జత పుట్టుకొచ్చి దెబ్బ తింటుంది.
మిగతా ముప్పై తొమ్మిదిళ్లలో
సున్నం పెచ్చు కూడా రాలదు.

స్వాగత వాక్యంలో గ్వెనిత్ ఒక అక్షరం మింగేసింది.
నలభై తెరల మీదా అదే తప్పు.
నేను దిద్దకూడదు,
అడుగున చుక్క కదిపినా
పైనున్న పొరలన్నీ పాడవుతాయి.
పదకొండో యంత్రంలో ఎవరో పిల్ల
తన మటుకు తాను దిద్దుకుంది.
ఆ ఒక్క అక్షరానికి
అరవై నాలుగు కిలోబైట్ల గది.

శుక్రవారం టర్మ్ ముగిసింది.
పొరలన్నీ తుడిచేయాలి, ఒకే ఆదేశం.
వేలు కాసేపు ఆగింది.
టీ చల్లారిపోయింది.
నొక్కాను.

జనవరిలో కొత్త పిల్లలొచ్చారు, తడిసిన కోట్లతో.
నలభై తెరలూ
ఆ అక్షరం మింగే
స్వాగతం పలికాయి.