బై ఎఫ్ బై మూడు

మలక్‌పేటలో మా ఇంటి నంబరు
పదహారు డాష్ రెండు డాష్ నూట నలభై ఏడు
బై ఎఫ్ బై మూడు.
ఒకప్పుడు అదంతా ఒక్క ఇల్లు, చుట్టూ జామచెట్లు.
అన్నదమ్ములు గోడ లేపినప్పుడల్లా
నంబరు చివర ఒక బై మొలిచింది.
పోస్టుమాన్ మాత్రం అందరి ఉత్తరాలూ
కింద జిరాక్స్ షాపులోనే పడేసి పోతాడు.
ఇది మీది, ఇది పైవాళ్లదని
ఖలీల్ భాయ్ పంచుతాడు.

మా శాఖ నెట్‌వర్కూ ఇరవై ఏళ్లుగా అట్లాగే నడిచింది.
పదకొండు వేల కంప్యూటర్లు,
బయటి లోకానికి పదహారే చిరునామాలు,
మధ్యలో నిద్రలేని ఒక ఖలీల్ భాయ్.

ఇక కొత్త ప్రోటోకాల్‌కి మారాలని సర్క్యులర్.
మన వాటాకి ఎన్ని అడ్రసులని డైరెక్టరు గారు అడిగారు.
బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను.
సున్నాలు బోర్డు దాటి గోడ మీదికి పాకేట్టున్నాయి.
ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని
"ఇన్నిటికీ స్టాక్ రిజిస్టరు ఎవరు రాస్తారమ్మా?" అన్నారు.
నవ్వబోయాను.
ఆయన నవ్వలేదు.

శనివారం రాత్రి పదిన్నర, లక్డీకాపూల్, ఆరో అంతస్తు.
ఫ్లాస్కులో ఇరానీ చాయ్, మీగడ కట్టి.
కొన్నాళ్లు పాతదీ కొత్తదీ కలిసే నడవాలి,
బస్సు బోర్డు మీద రెండు లిపుల్లాగా.
ఎవరికి వచ్చింది వాళ్లు చదువుకుంటారు,
బస్సు ఒకటే.

కొత్త అడ్రసులు పొడుగ్గా ఉంటాయి, అంకెల నడుమ అక్షరాలు.
సున్నాలు వరసకట్టిన చోట
రెండు విసర్గలు పక్కపక్కన పెడితే చాలు,
దుఃఖం మధ్యలో ఉంటుందే, అట్లాంటివి.
చెప్పకుండా వదిలేసిందంతా వాటి వెనక దాక్కుంటుంది.

ఒంటిగంటకు అన్నీ దాటాయి,
ఒక్కటి తప్ప.
పాత జాబితాలో చివర తొమ్మిది ఉన్న అడ్రసు.
పింగ్ కొడితే పలుకుతుంది.
ఏ గదో ఎవరికీ తెలీదు.
రిమార్కుల గడిలో ఒకే మాట: ముట్టొద్దు. ఖుద్దూస్.
ఆయన రిటైరై తొమ్మిదేళ్లు.

వైరు పట్టుకుని బయల్దేరాం.
ఫాల్స్ సీలింగు, ఎలుకలు కొరికిన పైపు,
లేడీస్ టాయిలెట్ గోడ, మూడు బీరువాల వెనక సందు.
అక్కడ దుమ్ము కప్పుకుని ఒక పెట్టె,
దాని పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు,
తలుపు దగ్గర కాయితాల కట్టతో వాచ్‌మన్ బుచ్చిరాములు.

"దీన్నా మేడం మీరు దేవులాడేది?
నన్ను అడగకపోతిరి.
అయిపోయినప్పుడల్లా కాయితం పెట్టమని
సాబ్ చెప్పిపోయిండు. పెడుతున్న."

సరిగ్గా రెండింటికి అది గర్రుమంది.
రిబ్బను ఎప్పుడో ఎండిపోయింది.
తెల్ల కాయితం మీద సూదుల గుంతలు, అంతే.
టార్చీ వాలుగా పట్టి చదివాను:
ఇవాళ గేటు దాటి లోపలికొచ్చినవాళ్ల పేర్లు.
స్వీపర్లు, డ్రైవర్లు, లిఫ్టు మనిషి,
ఏ జీతాల పట్టీలోనూ కనబడని మేమంతా.
పదకొండు నెలలకోసారి కొత్తగా పుట్టే నా కాంట్రాక్టులో
నాకు నంబరుండదు, ఏజెన్సీకే ఉంటుంది.
ఇక్కడ మాత్రం
సింగపురం తారకేశ్వరి, వచ్చింది తొమ్మిది పది.
వెళ్లిన వేళ దగ్గర గుంతల్లేవు.

ఆ పెట్టెకి కొత్త భాష రాదు.
నేర్పేవాడు లేడు, నేర్చుకునే వయసూ కాదు.
దానికోసం పాత దారి ఒకటి తెరిచే ఉంచాను.
జాబితాలో ఖుద్దూస్ సాబ్ మాట కింద
నేనూ రాశాను, ముట్టొద్దని.
ఏజెన్సీ పేరు రాయాల్సిన చోట
నా పేరు రాశాను.

సోమవారం డైరెక్టరు గారు
అయిపోయిందా అన్నారు.
ఒకటి తప్ప, అన్నాను.
రిజిస్టరులో ఎక్కించావా అన్నారు.
ఎక్కించాను సార్.