నూట పదమూడో మాట

మూడేళ్ళ పీజీలో ఒక నెల మీ ఇష్టం అన్నారు.
ప్రణీత్ హైదరాబాదు వెళ్ళాడు,
గుండెలోకి తీగ పంపడం చూడ్డానికి.
షబానా కెమెరా కొనుక్కుంది, చర్మాల ఫోటోలకి.
నేను కృపావరం మేడం గది దాకా
రెండుసార్లు పోయి, రెండుసార్లు తిరిగొచ్చి
మూడోసారి చెప్పాను:
నొప్పికి మనవాళ్ళనే మాటలు రాసుకుంటాను మేడం,
కనిగిరి వైపు.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"దీన్ని ఏ జర్నల్లో వేస్తారమ్మా?"
"తెలీదు మేడం."
"అప్లికేషన్లో కూడా అదే రాయి," అని సంతకం పెట్టింది.

ఒంగోలు ఓపీలో నొప్పికి ఒకటే గడి.
సున్నా నుంచి పది దాకా ఒక అంకె.
పొదిలి దాటితే
ట్యాంకరు వెనక బిందెల బారు,
నీళ్ళే ఎముకల్లో రాయై కూర్చున్న ఊళ్ళు,
పక్కకి చూడాలంటే
మెడ కాదు, మనిషంతా తిరిగే ఊళ్ళు.

మొదటి వారం ఒక్క మాటా దొరకలేదు.
"రాసుకుని ఏం జేస్తావు, బిళ్ళలియ్యి" అన్నారు.
న్యాయమే.
తర్వాతి సోమవారం సంచి నిండా బిళ్ళలతో పోయాను.

మాలకొండయ్య కూర్చోలేక, గోడకానుకుని చెప్పాడు:
"నొప్పంటే ఏం నొప్పమ్మా?
సలుపు రాత్రిది.
పోటు మెట్టెక్కితే.
పీకుడు మబ్బు పడితే.
లోపల పురుగున్నట్టుంటే అది తొలుపు.
నీ అంకె వీటిల్లో దేనికి?"

చీమకుర్తి క్వారీలో పదేళ్ళు డ్రిల్లు పట్టిన ఆయన తమ్ముడు
పాలిపోయిన వేళ్ళు చాపి చూపించాడు:
జివ్వుమంటే మిషనింకా చేతిలో ఉన్నట్టు,
జిల్లుమంటే చెయ్యే లేనట్టు.
ఈ తేడా నాకే పుస్తకంలోనూ కనబడలేదు,
ఆ వేళ్ళ ఫోటో మాత్రం ఉంది.

కలుక్కుమనడానికీ చివుక్కుమనడానికీ
తేడా అడిగితే ఆశా వర్కరు నవ్వింది.
"చివుక్కుమనేది మనసు మేడం.
దానికి మీ ఆస్పత్రిలో ఏ వార్డు?"

నెలలో ఆఖరి రోజు. పెంచలమ్మ.
"ఎట్టా ఉండాది పెద్దమ్మా?" అన్నాను.
జవాబు లేదు.
నా మొహం చూసి చూసి
"నీకెట్టా ఉండాది?" అంది.

నన్నెవరూ అడగని ప్రశ్న.
ముప్పయ్యారు గంటల డ్యూటీలు,
నైట్ రౌండ్లో చల్లారిన ఇడ్లీ,
నా చేతుల్లోనే పోయిన ఆ సింగరాయకొండ పిల్లోడు,
అన్నీ గొంతు దాకా వచ్చాయి.
నూట పన్నెండు మాటలున్న నోటుబుక్కులో
ఒక్కటీ నాకు సరిపోలేదు.

"డస్సి ఉండావు తల్లీ," అంది ఆమె,
మజ్జిగలో ఉప్పు కలుపుతా.
"అలుపైతే నిద్దరపోతే పోద్ది.
ఇది పోదు. ఎవురన్నా కనుక్కోవాల."

ఆఖరి బస్సులో, గతుకుల మధ్య,
నూట పదమూడో వరసలో రాసుకున్నాను.
మాట: డస్సిపోడం.
చెప్పినవారు: పెంచలమ్మ.
ఒంట్లో ఎక్కడ: ఖాళీ.
రోగిది ఏ ఊరు అన్న గడి దగ్గర
కాసేపాగి
ఒంగోలు అని రాశాను.