నడిమి గాడి

ఇది ఇల్లు కాదక్కా, ఇంటి వైరింగు దీనికి పనికిరాదు.
ఇల్లు కదలదు.
దీనికి చక్రాలుండాయి, గుంతల్లో ఎగిరి పడతాది,
ఒంటి తీగె వైరేస్తే
ఆర్నెల్లకే తొడుగు లోపల్లోపల విరిగిపోతాది, పైకి కనపడదు.
సన్న పోగుల వైరే వెయ్యాల.
రేకు చిల్లికి రబ్బరు ఉంగరం లేకుంటే
అంచు కత్తి మాదిరి కోసేస్తాది.

కుప్పమ్మక్క చింతపండు పిసుకుతా వినింది.
"అదంతా సరే, ఎంతవుతాదో ఆ మాట చెప్పబ్బోడా."

జూన్ నెల. బంగారుపాళెం దాటినాక
గుజ్జు ఫ్యాక్టరీ ముందర తోతాపురి ట్రాక్టర్లు,
మూడు దినాలుగా కదలని వరస.
కాయ వాసన తీపి దాటి పులుపుకి తిరగతా ఉంది.
టైర్ల పక్కన తువాళ్ళు పరుచుకోని పడుకున్నోళ్ళకి
రేత్రి రెండింటికైనా ఇడ్లీ గావాల,
సెల్లుకి చార్జింగు గావాల.
వరస జరిగితే అక్క బండీ జరగాల.
ఒక కాడ పంక్చరు షాపాయన కరెంటు ఇస్తాడు, గంటకింతని.
ఇంకో కాడ స్తంభమే ఉండదు, జనరేటరే దిక్కు.

"దానికింత తతంగమా? పోయినేడు మా మరిది
అర గంటలో చేసిపెట్టినాడు" అని
బియ్యం డబ్బా ఎనకనుంచి ఒక వైరు తీసింది.
రెండు కొసలకీ మొగ ప్లగ్గే.
ఒకటి జనరేటర్లో గుచ్చి, ఇంకోటి గోడ సాకెట్లో గుచ్చితే
ఇల్లంతా లైట్లంట.

నాకు నోరెండిపోయింది.

రెడ్డెప్ప నాకు స్తంభం ఎక్కేది నేర్పినాడు.
పూతలపట్టు పక్క, గాలివాన ఎలిసిన రేత్రి,
ఎల్సీ తీసుకోనే ఎక్కినాడు. లైను చచ్చినట్టే లెక్క.
యాడో ఒక మామిడి తోట ఇంట్లో
ఎవురో ఇట్లాంటి వైరే గుచ్చి
బిడ్డలకి ఉడకపోస్తా ఉందని జనరేటరు తాడు లాగినారు.
కరెంటు ఎనక్కి నడిచింది.
మీటరు దాటి, ట్రాన్స్‌ఫార్మర్లోకి తలకిందులుగా దూరి
రెండొందల ముప్పై పదకొండు వేలయింది.

నేను కింద టార్చి పట్టుకోనుండా.
టార్చి ఆపలేదు. అదొకటే నాకు బాగా గుర్తు.
ఎల్సీ చీటీ జేబులోనే దొరికింది,
తడిసింది గానీ నెంబరు చెరగలేదు.

ఇదేమీ అక్కకి చెప్పలేదు.
కటింగ్ ప్లేయరు తీసి
ఆ వైరు నడిమికి కత్తిరించినా.
"ముప్పై అడుగుల వైరు నాయినా!" అని అరిచింది.
నా మొగం చూసి, ఏమనుకోనిందో,
చింతపండు చేత్తోనే ఒక లోటా మజ్జిగ ఇచ్చింది.

పెద్ద స్విచ్చు బిగించినా. ఒకటే పిడి.
పైకంటే జనరేటరు, కిందికంటే ఊరి కరెంటు.
రెండింటినీ ఒకేసారి తాకలేదు, దాని చెయ్యే అంత.
ఫేజుతో బాటు న్యూట్రలూ మారాల.
బండి రేకుకి ఎర్తు వేరే.
కడ్డీ యాడ కొట్టేదంటే, అంట్ల నీళ్ళు పారబోసే కాడ;
తడి ఉంటేనే మట్టి మన మాట ఇంటాది.
టెస్టు బటను నెలకోసారి నొక్కు,
టప్పుమని పడాల. పడకుంటే నాకు ఫోన్ చెయ్యి,
ఇడ్లీలు ఉడకతా ఉన్నా సరే.

అక్కకి అక్షరాలు రావు.
పిడి పైన కుంకం బొట్టు పెట్టింది, కింద పసుపు.
"నడిమిన ఒక గాడి ఉంది కదా, అదేంటికి?"
ఏదీ కానిదానికక్కా, అన్నా.
ఆడ మాత్రం వేలు తుడుచుకోని ఊరుకునింది.

ఆ రేత్రే పదకొండు దాటినాక కరెంటు పోయింది.
అక్క పిడిని నడిమికి లాగి ఆగింది.
నేను ఆగమనలేదు.
వరసంతా చీకటి. యాడో ట్రాక్టరు మీద
ఒక కాయ జారి రోడ్డు మీద పడిన చప్పుడు.
నేను స్తంభం పైకి చూసినా,
అలవాటు, పోలా.
తర్వాత తాడు లాగినాం, పైకి తోసినాం,
ఇడ్లీ కుండ మీద లైటు పడింది.

లెక్క చూసేటప్పుడు
ముప్పై అడుగుల వైరుకి పట్టుకోనే ఇచ్చింది.