ఒక గంటు వెనక్కి

మే నెల మొదటి ఆదివారం.
సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా విరగలేదు.
విమానాలు ఎప్పుడో మరిచిపోయిన రన్‌వే మీద
బోడన్ నారింజ రంగు కోన్లు పేరుస్తున్నాడు,
గాలికి పడిన ప్రతిదాన్నీ ఒక తిట్టు తిట్టి నిలబెడుతూ.

నాది మా అక్క వాడి వదిలేసిన హోండా.
లోపల చేపల వాసన.
అది కారుది కాదు, నేను పనిచేసే షెడ్డుది,
నాతో పాటే ఎక్కి దిగుతుంది.

మొదటి పరుగులో నేను కారు నడపలేదు.
కారులో దొర్లాను.
కుడి మలుపులో తలుపుకి మోకాలు,
ఎడమ మలుపులో గేరు కర్రకి తొడ.
స్టీరింగు తిప్పడానికని ఇచ్చారా,
నేను దాన్ని పట్టుకుని వేలాడాను,
అల ఎత్తేసిన పడవలో అంచు పట్టుకున్నట్టు.
నాలుగు కోన్లు పడ్డాయి.
కోనుకి రెండు సెకన్ల జరిమానా.

తోరున్ వచ్చి కిటికీలో తల పెట్టింది.
అరవై మూడేళ్ళు. ముప్ఫై శీతాకాలాలు
స్కూలు బస్సు నడిపిన భుజాలు.
"బెల్టు పెట్టుకున్నావా?"
"పెట్టుకున్నా."
"లేదు. కప్పుకున్నావు, శాలువాలా."

నాలుగు పట్టీల రేసు బెల్టు చూశాను,
నాలుగు వందల డాలర్లంటున్నారు, అన్నాను
బూటు వైపు చూస్తూ.
"పైన ఇనుప చట్రం లేని కారులో
దానితో నిన్ను నువ్వు బిగించుకుంటే
కప్పు నలిగిన రోజు పక్కకి ఒరగడానికైనా ఉండదు.
డబ్బులు మిగిలాయి, పో.
సీటు ఒక గంటు వెనక్కి జరుపు."

జరిపాను.
"నడుం పట్టీ కిందకి. పొట్ట మీద కాదు,
ఎముక మీద. మొలతాడు కట్టే చోట.
ఇప్పుడు పైపట్టీ మొత్తం లాగు, చివరిదాకా వదులు లేకుండా.
ఒక్క గుంజు!"
మెల్లగా లాగితే మెల్లగా వచ్చింది.
"బతిమాలకు. గుంజు."
గుంజాను.
లోపలెక్కడో పళ్ళు కరుచుకున్న చప్పుడు.
"అంతే, ఊపిరి కూడా వదలకు,
పట్టు సడలకుండా సీటు ముందుకి."

ఒక గంటు. ఒక్కటంటే ఒక్కటే గంటు.
కారు నన్ను వెనక నుంచి వాటేసుకుంది.

మూడోసారికి అది జారిపోయింది, ఒప్పుకోవాలి.
బ్రేకు వదిలిన చోట తాళం విడింది.
అప్పుడు తోరున్ కోటు జేబులోంచి
అరచేయంత ఉక్కు బిళ్ళ తీసింది,
రెండు గాడులున్నది, అంచులు అరిగినది.
"మా సోల్వేగ్ పసిపిల్లప్పటి సీటుది.
కొత్తదైతే మూడు డాలర్లు ఉంటుందేమో.
ఇప్పుడది కలప లారీ నడుపుతుంది, దీంతో పనిలేదు."
బకిల్ పక్కన రెండు పట్టీలనీ
గాడుల్లో దూర్చి నొక్కింది,
బస్సులో అల్లరి పిల్లల్ని
ఒకే సీట్లో కూర్చోబెట్టినట్టు.

నాలుగో పరుగు.
మలుపు వచ్చింది, నేను వెళ్ళలేదు.
కారే వెళ్ళింది, నేను దానిలో ఉన్నాను.
చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు కాసేపు,
ఇన్నాళ్ళూ వాటికి రెండు ఉద్యోగాలు.
ఒకటి ఊడిపోయాక
స్టీరింగు ఎంత తేలికో తెలిసింది,
ముందు చక్రాల కింద కంకర గీరడం
వేళ్ళకి వినిపించింది.

సెకనూ నాలుగు పదులు తగ్గింది.
కోను ఒక్కటే పడింది.
"దాన్ని గాలి పడేసింది," అన్నాను.
బోడన్ రాసుకున్నాడు, నమ్మలేదు.

సాయంత్రం గేటు దగ్గర తోరున్
ప్రతి కారునీ ఆపుతోంది.
"ఇటివ్వు."
బిళ్ళ విప్పి ఇచ్చాను.
"సీటు నీ చోటికి జరుపు. బెల్టుని దాని మానాన వదిలెయ్.
కోన్లు ఎదురు రావు, లారీలు వస్తాయి.
దారి మీద అది ఎలా పుట్టిందో అలాగే పనిచెయ్యాలి."
వదిలేశాను. పట్టీ సర్రున లోపలికి పోయి
మళ్ళీ వచ్చి, భుజం మీద
పరాయిదానిలా ఆనుకుంది.

ఇంటిదాకా యాభై కిలోమీటర్లు, తిన్నటి రోడ్డు.
తిరగడానికి ఒక్క మలుపు లేదు.
తుంటి ఎముక మీద ఎర్రటి గీత మండుతోంది,
అప్పుడప్పుడూ వేలితో తడిమి చూసుకున్నాను.