జెండా పాట

ఎండల తిరిగి తిరిగి వచ్చిండు పిలగాడు,
మెడల కార్డు, చేతుల పలకంత ఫోను.
కొత్తవాడ గల్లీల మాది ఇరవయ్యో గడపట.
"కరెంటు ఇప్పుడు మీ ఇష్టం అమ్మా,
నాలుగు కంపెనీలు, పదకొండు ప్లాన్లు,
నచ్చింది తీసుకోండ్రి" అన్నడు.
చీరె నచ్చుతది, కూర నచ్చుతది,
కరెంటు నచ్చుడేందో
చూద్దామని కుర్చీ ఏసిన.

ఒకటి పగటి ప్లాను, ఒకటి రాత్రి ప్లాను,
ఒకటి ఆదివారం ఉత్తగనే ఇస్తదట.
ఇంకోటి పచ్చ కరెంటు.
బల్బు పచ్చగ వెలుగుతదా అంటే
నవ్విండు గని చెప్పలే.

రాత్రి పదకొండు దాటితే సగం ధర.
అంటే కండెలు చుట్టే మోటరు
మా హిమజ నిద్రల గుర్రుమనాలె.
మిక్సీ, ఇస్త్రీ, నల్లా మోటరు
దొంగల లెక్క నడిజాముల లేవాలె.
మగ్గం ఒక్కటే ఏ ప్లానూ అడగది.
గుంతల మనిషి, మీద ఒక బల్బు,
దాని తిండి అంతే.

"మొదటి మూడు నెల్లు యూనిటు రెండు రూపాయలే"
అనంగానే నాకు ఎనుమాముల యాదికొచ్చింది.
చిన్నప్పుడు నాయినతోని మిర్చి బస్తాల మీద పండుకున్న.
పొద్దుగాల జెండా పాట,
ఒక్క కుప్పకు, మంచి ఎర్రటి కుప్పకు,
యార్డంత వినేటట్టు.
తెల్లారి పేపర్ల పడేది గా ధరే.
పగటీలి మా బస్తాల కాడికి వచ్చేసరికి
తేమ అన్నరు, తాలు అన్నరు,
నాయిన చేతికి వచ్చింది
గా పాటల సగం.
ఇంటికి పోయేదాంక ఒక్క ముచ్చట మాట్లాడలే.

"నాలుగో నెల ఎంత బిడ్డా?"
పిలగాడు తెరను వేలితోని పైకి తోసి, తోసి
చీమలంత అక్షరాల కాడ ఆగిండు.
హిమజ పాత బిల్లు వెనుక లెక్క గట్టింది.
ఏడు రూపాయల ఇరవై.
పైన రెండేండ్ల ఒప్పందం,
నడుమ ఇడిస్తే జరిమానా.

అప్పటిదాంక సప్పుడు చేయని మా ఆయన
గుంతల నుంచే అన్నడు:
"పడుగు పోసినంక రంగు మార్చరాదు.
రెండేండ్ల పడుగు ఎవడు పోస్తడే?"
మళ్ల కాలు తొక్కిండు.

నేను ఇంకోటడిగిన.
"గాలివానకు తీగ తెగితే ఎవల్ని పిలవాలె?"
నంబరిచ్చిండు, పదకొండు అంకెలు.
"తీగ కొత్తదేస్తరా?"
"తీగ పాతదే అమ్మా. స్తంభం పాతదే."
"మరి మా ఓదెలు?"
"ఓదెలెవరు?"

ఏం చెప్పాలె. ఏ ప్లానుల లేడు ఓదెలు.

ఆఖరుకు అన్నిటి కింద ఉన్నదాన్ని పట్టినం.
నెలకు నలభై ఎక్కువే,
గని ధర మారది, ఇష్టం లేకుంటే ఇడవొచ్చు.
పిలగాని మొఖం చిన్నగయింది,
దాని మీద వానికి మిగిలేది తక్కువేమో.
చెంబెడు మంచినీళ్లు తాగిండు.
తెర మీద వేలితోని సంతకం పెట్టిన.
నా పేరు నా పేరు లెక్క రాలే.

మూడో వారం రాత్రి గాలి లేచింది.
రాత్రి ప్లాను ఇల్లు, పచ్చ కరెంటు ఇల్లు,
ఆదివారం ఉత్త కరెంటు ఇల్లు,
గల్లీ గల్లీ ఒక్కసారే ఆరిపోయింది.
స్తంభం మీద టార్చి కనబడ్డది.
"ఏ కంపెనీ ఇల్లు అక్కా మీది?"
పై నుంచి నవ్వుకుంట అరిసిండు ఓదెలు.
"నీ నెత్తి కంపెనీ, పైలంగ దిగు" అన్న.
వాన ఆగలే. ఆయన దిగలే.

లోపట చీకట్ల మగ్గం నడుస్తనే ఉన్నది,
టక్, ఆగి, టక్.
వెలుగొచ్చినంక బల్బు కింద చూసినం.
నాలుగు వేళ్ల జంఖానా నేసిండు,
అండ్ల ఒక్క ఎర్ర పోగు
తప్పు జాగల పడ్డది.
వేలితోని తడిమిండు.
ఇప్పలే.