రొయ్యపిల్లల వ్యాను

భీమవరం చెరువులకి సీడు మోసిన వ్యాను.
ఎన్నిసార్లు కడిగినా ఉప్పువాసన పోలేదు.
ఆక్సిజన్ గొట్టం దిగిన కన్నం
కప్పులో అలాగే ఉంది;
సోలారు తీగ అందులోంచే దించాను.

"ఫ్యూజెందుకే, దండగ" అన్నాడు బుల్లెబ్బాయి బాబాయి.
ఈ గాలికి రాగి ఊరికే చిలుమెక్కుతుంది.
లగ్గులకి వేజలీను రాస్తూ
మాట్లాడలేదు నేను.

ఎర్రది బ్యాటరీ ఎరుపుకి, నల్లది ఛాసిస్‌కి.
నిన్న అదే తిరగేసి పెట్టాను.
టప్పుమంది. ఫ్యూజు పోయింది,
వ్యాను మిగిలింది,
బాబాయి టీ ఒలికింది.

ఇవాళ మునిమాపు కరెంటు పోయి
నర్సాపురం రేవంతా చీకటి.
పంటు దిగినవాళ్ళు ఒక్కొక్కరే
వెనక తలుపు దగ్గరికొచ్చి
ఫోన్లు చాపారు.

కాళ్ళు చాపుకుందామని కట్టుకున్న ఇల్లు.
పదింటికి
పరుపు మీద ఏడు ఫోన్లు పడుకున్నాయి,
ఫుట్‌బోర్డు మీద
దోమలు తోలుకుంటూ నేను.